నేరేడు అనే రాశాను

పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో, సరుకు నాణ్యత పరీక్షించే ల్యాబులో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్నాను. ఏదీ వాసన చూడొద్దని గోడ మీద బోర్డు ఉంటుంది. కానీ డ్రమ్ము మూత తీస్తే వాసన ముక్కుదాకా రాక మానదు. మిషను చెప్పకముందే సరుకులో తేడా పసిగడతానని అక్కడ నాకు పేరు.

ఆ పేరు పుణ్యమా అని మా పాత మేనేజరు ఒకరోజు ఫోన్ చేశారు. రిటైరయ్యాక ఆయన తెల్లాపూర్‌లో పెద్ద అపార్ట్‌మెంట్లలో ఉంటున్నారు. వాళ్ల క్లబ్బు హాల్లో నెలకోసారి పదిమంది చేరి వైన్ రుచి చూసి మార్కులు వేస్తారట. "నీ ముక్కు ఏమంటుందో చూద్దాం, ఆదివారం రామ్మా" అన్నారు.

మాది పటాన్‌చెరు అవతల కంది అనే ఊరు. వైన్ తాగడానికి వెళ్తున్నానంటే అమ్మ ఏమీ అనలేదు. పండక్కి కల్లు తాగడం మా ఇంటి ఆడవాళ్లకు కొత్త కాదు. రుచి చూసి ఉమ్మేయాలని చెప్పినప్పుడే ఆమెకు కోపం వచ్చింది.

"నోట్లె వోసుకొని ఉమ్ముడేందే? గట్లయితె పోకు, ఇంట్లనే ఉండు."

మధ్యాహ్నం భోజనమయ్యాక వెళ్లాను. బల్ల మీద ఒక్కొక్కరి ముందు ఐదు గ్లాసులు, ఒక కాగితం. సీసాలకు గుడ్డ చుట్టి ఉంది. ఐదూ షిరాజ్ అనే ఒకే రకం ద్రాక్షతో చేసినవేనని, నాలుగు ఎండ కాసే నేలల్లో పండితే ఒకటి చలి ప్రాంతంలో పండిందని మేనేజరు చెప్పారు. ఆ ఒక్కటీ ఏదో కనిపెట్టాలి, ఐదింటికీ మార్కులు వేయాలి.

మొదటి రెండూ చిక్కగా ఉన్నాయి. కాచిన పండ్ల పాకంలా తీపి వాసన, గొంతులో మంట. మూడోదాని రంగు పలచన. మొదట వాసనే రాలేదు. గ్లాసు తిప్పి కాసేపు ఆగాను. అప్పుడే రోట్లో కచ్చాపచ్చాగా నూరిన మిరియాల వాసన వచ్చింది. దాని వెనక నేరేడు పండు. నోట్లో పోసుకుంటే నాలుక అంచుల వెంట నీళ్లూరాయి. వగరు ఉంది కానీ నాలుకను గీరలేదు. ఉమ్మేశాక కూడా ఆ ఘాటు చాలాసేపు నిలిచింది.

ఒకప్పుడు మాకూ ద్రాక్ష పందిళ్లు ఉండేవి. ఎండ ముదిరిన ఏడాది కాయ తీపెక్కి పులుపు చచ్చిపోయేది. పులుపు ఇంత బతికి ఉందంటే ఇది చల్లగా, నిదానంగా పండిన కాయే అనుకున్నాను. నాలుగోదీ ఐదోదీ మొదటి రెండింటిలాగే ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువ మార్కులు మూడోదానికే వేశాను.

కాగితం మీద వాసనల పేర్లన్నీ ఇంగ్లీషులో అచ్చువేసి ఉన్నాయి. టిక్కు పెడితే చాలు. వాటిలో సగం పండ్లు నేను కళ్లతో చూసినవి కూడా కావు. పక్కనున్న ఖాళీలో తెలుగులో రాశాను: నేరేడు, మిరియాలు, చింతచిగురు పులుపు.

మేనేజరు అందరి కాగితాలూ చూసుకుంటూ నా దగ్గర ఆగారు.

"ఇదేంటి, నేరేడేంటి? బ్లాక్‌బెర్రీ అని ఉంది కదా, దానికి టిక్కు పెట్టు."

"నేనెన్నడు తినలే సార్. తినంది ఉన్నదని ఎట్ల రాస్త?"

ఎదురుగా కూర్చున్నావిడ నవ్వింది. ఆయన మూడో గ్లాసు తీసుకుని వాసన చూశారు.

"మిరియాలు ఎక్కడున్నాయమ్మా? ఇందులో ఏ వాసనా లేదు. పచ్చికాయ పిండినట్టుంది. అందరూ దీన్ని ఆఖరున పెట్టారు. ఇంకోసారి చూసి మార్చుకో."

ల్యాబులో ఆయన మళ్లీ చూడమన్న ప్రతిసారీ చూశాను. ఇక్కడా చూశాను. మిరియాలు ఎక్కడికీ పోలేదు.

"మల్ల చూసిన సార్. మారుస్త లేను."

"అయితే ఇంతమందీ తప్పా?"

"వాళ్ల ముక్కు సంగతి నాకు తెల్వదు. నా కాగితం మీద నాకు అందిందే ఉంటది."

లేచి వెళ్లిపోవాలనిపించింది. వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని కూర్చున్నాను.

గుడ్డలు తీశారు. చలి కొండల్లో పండింది మూడోదే. మేనేజరు సీసా వెనక రాసింది పైకి చదువుతూ, మిరియాలన్న మాట దగ్గర గొంతు తగ్గించారు. ఎవరో చప్పట్లు కొట్టారు. గ్లాసులు మళ్లీ ముక్కుల దగ్గరికి వెళ్లాయి, అందరికీ ఒక్కసారిగా మిరియాల వాసన రావడం మొదలైంది. నాకు సంతోషం కలగలేదు. సీసా చెప్పేదాకా నా మాట మాటే కాలేదు మరి.

"సీస మీద లేకున్నా నేను గదే రాస్తుంటి సార్" అన్నాను.

వెళ్లేటప్పుడు ఆయన లిఫ్టు దాకా వచ్చారు. "నిజం చెప్తున్నా, నాకు ఇప్పటికీ ఆ వాసన రావట్లేదు" అన్నారు.

వారం తర్వాత ఫోన్ చేశారు. కొందరి ముక్కుకు ఆ ఒక్క వాసన అందనే అందదని, అలాంటివాళ్లలో తానూ ఒకరినని తెలుసుకున్నారట. ఇన్నేళ్లూ సీసా మీద మిరియాలన్న మాట కనిపిస్తే చాలు, అదే నమ్మి టిక్కు పెట్టేవారట. ఆ రోజు సీసాకు గుడ్డ ఉండి, ముక్కుకు ఏమీ అందక, లేదనేశారు.

"వచ్చే నెల నా పక్కన కూర్చో. మిరియాలు ఉంటే చెప్పు" అన్నారు.

"చెప్త సార్. కని మీకు రానిది మీ కాగితం మీద రాయొద్దు."

"సరే" అన్నారు. అప్పుడు వస్తానన్నాను.