బుల్లబ్బాయి వదిలేసిన ఎలుకలు

మలికిపురం చుట్టుపక్కల చేలల్లో ఎలుకలు పట్టే బుల్లబ్బాయికి యాభై తొమ్మిదేళ్ళు. అందులో ముప్ఫై ఎనిమిదేళ్ళు ఎలుకల వెనకే గడిచాయి. వెదురు చీల్చి బుట్ట తనే అల్లుతాడు, విల్లు తనే వంచుతాడు, ఉరితాడు తనే పేనుతాడు. ఎలుక బుట్టలో తల దూర్చగానే విల్లు లేచి ఉరి బిగుస్తుంది. గట్టు మీద నాలుగడుగులు వేసి, ఏ బొరియలో ఎలుక ఉందో, ఏది ఖాళీయో చెప్పేస్తాడు. చదువు మూడో తరగతి. ఆ మూడేళ్ళు కూడా చేలో ఉండుంటే పని ఇంకా బాగా వచ్చేదని ఆయన బాధ.

నూరు బుట్టలు పెట్టి, తెల్లారాక పడ్డ ఎలుకల తోకలు దారానికి గుచ్చి రైతుకి చూపించడం ఈ పనిలో ఆనవాయితీ. కుర్రతనంలో నూరు బుట్టలకి ఎనభై తోకలు చూపించేవాడు. వయసు నలభై దాటేసరికి అవి అరవై అయ్యాయి. తర్వాత నలభై. బుట్టలు అవే, చెయ్యి అదే.

మొదట్లో తప్పు తనదే అనుకున్నాడు. దేవుడు ఎలుకని ఎలా పుట్టించాడో అది అలాగే ఉంటుంది, మారింది మన పనితనమే అని వెదురు మార్చాడు, ఎర మార్చాడు, మనిషి వాసన తగలకుండా బుట్టలకి పొగ పెట్టాడు. తోకలు పెరగలేదు.

"తల్లులు పిల్లలకి చెప్పుకుంటున్నాయి, అదిగో బుల్లబ్బాయి బుట్ట, అటెళ్ళకండర్రా అని," అంది భార్య నూకాలమ్మ.

పక్క కొబ్బరితోట సోమేశ్వరరావు మాష్టారిది. అమలాపురంలో జువాలజీ చెప్పి రిటైరయ్యారు. వినేవాళ్ళు దొరక్క కొబ్బరిచెట్లకి పాఠం చెబుతున్నారని ఊళ్ళో అనుకుంటారు. ఆ మాట కంచె అవతలి నుంచి విని ఆయన పరిగెత్తుకొచ్చారు.

"నూకాలమ్మా! రెండొందల ఏళ్ళ కిందట ఫ్రాన్సులో లామార్క్ అనే ఆయన ఇంచుమించు ఇలాగే అన్నాడు! తల్లి బతుకులో సంపాదించుకున్నది పిల్లలకి వస్తుందన్నాడు! జిరాఫీ మెడ సాచి సాచి పెంచుకుంది, ఆ పొడుగు పిల్లలకి వచ్చింది అన్నాడు."

"ఆయన కూడా ఎలుకలు పట్టేవోరాండీ?" అంది నూకాలమ్మ.

బుల్లబ్బాయి మాటతో తృప్తి పడే మనిషి కాదు. మర్నాడు బొరియ తవ్వి, కళ్ళు తెరవని పిల్లల్ని పదకొండింటిని తెచ్చి ఇంట్లో డ్రమ్ములో పెట్టాడు. నూకాలమ్మ తిడుతూనే ఇంకు ఫిల్లరుతో వాటికి పాలు పోసింది. "మనవలకైనా ఇంత చెయ్యలేదు, నా కర్మ," అని రోజుకి నాలుగుసార్లు అనేది. అవి పెద్దయ్యాక బుల్లబ్బాయి డ్రమ్ములో బుట్ట పెట్టాడు. ఆరు నేరుగా వెళ్ళి పడ్డాయి. ఐదు దూరం నుంచే మూతి ముడిచి వెనక్కి తిరిగాయి.

"వీటికి తల్లి చెప్పిందేం లేదు కదండీ మాష్టారూ. కళ్ళే తెరవలేదు. మరి ఈ ఐదింటికీ ఎవరు చెప్పేరు?"

మాష్టారి క్లాసులో ముప్ఫై రెండేళ్ళలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

జవాబు మాత్రం ఆయన చెప్పక్కర్లేకపోయింది. బుల్లబ్బాయే బుట్ట అల్లుతూ అల్లుతూ పట్టుకున్నాడు. ఒక్క ఎలుక ఈతకి ఎనిమిది పిల్లల్ని పెడుతుంది, ఏడాదికి ఎన్నో ఈతలు. అన్నీ బతికితే కోనసీమలో మనిషి కాలు పెట్టడానికి చోటుండదు. కాబట్టి చాలామట్టుకు చస్తున్నాయి. జనం గురించి మాల్థస్ అనే ఆయన ఇదే లెక్క వేశాడనీ, అది చదివాకే డార్విన్‌కి దారి దొరికిందనీ మాష్టారు తర్వాత చెప్పారు. మరి ఇక్కడ చచ్చేవి ఏవి? బుట్ట చూసి తల దూర్చే వెర్రివి. మిగిలేవి అనుమానం మనుషులు, అంటే అనుమానం ఎలుకలు. పిల్లల్ని పెట్టేవి అవే. వాటి పిల్లలు పుట్టుకతోనే అనుమానంగా పుడుతున్నాయి.

"అంటే మాష్టారూ, ఈ ఎలుకల్ని తయారు చేసింది నేనేనండి."

"నువ్వే! ఊళ్ళో చెప్పెయ్!"

"చెబితే ప్రకాష్ గారు నన్ను చేలోకి రానివ్వరండి."

ప్రకాష్ గారంటే ఆ ఆయకట్టు రైతుల పెద్ద. ఎలుకల పని ఎవరికివ్వాలో ఏటా ఆయనే తేలుస్తారు. అందుచేత బుల్లబ్బాయి నోరు మూసుకున్నాడు. పదకొండేళ్ళు మూసుకున్నాడు.

"డార్విన్ ఇరవై ఏళ్ళు మూసుకున్నాడు," అని మాష్టారు ఓదార్చేవారు.

"ఆయనకీ రైతుల భయమేనాండీ?"

"జనం భయం, చర్చి భయం. భార్య నొచ్చుకుంటుందేమోనని కూడా."

"అయితే మంచి మనిషేనండి."

ఈ ఏడు వానాకాలం సార్వా నాట్లయ్యాక అసలు కథ మొదలైంది. తోకలు ముప్ఫై ఎనిమిదికి దిగాయి. ప్రకాష్ గారు రాజోలు అవతల గోదావరి మధ్య లంకలో ఎలుకలు పట్టే సాలమోనుకి కూడా కబురంపి, శుక్రవారం మీటింగులో ఇద్దరి మాటా విని పని ఒకరికిస్తామన్నారు. ఇద్దరూ కుదరకపోతే ఎలుకల మందు పెట్టిస్తామన్నారు. మందు వస్తే బుట్టల పని ఇక ఉండదు. బుల్లబ్బాయికి వేరే పని రాదు.

బుధవారం సాలమోను దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"అన్నయ్యగారండీ, సాలమోన్నండి. డెంగీ జొరంతో వారం నుంచి మంచాన పడున్నానండి. పడుకుని పడుకుని బుర్రలో ఒకటి తట్టిందండి. మనం వెర్రి ఎలుకల్ని పట్టేసి తెలివైనవాటిని మిగిల్చేమండి. వాటికే పిల్లలండి. మా లంకలో ఎలుకలు మేధావులైపోయేయండి. ఇది నిజమో, నాకు ప్లేట్‌లెట్లు పడిపోయి ఇలా అనిపిస్తందో మీరే చెప్పాలండి. మీరు సరేనంటే శుక్రవారం మీటింగులో చెప్పేస్తానండి."

బుల్లబ్బాయి మెసేజ్ రెండుసార్లు విన్నాడు. కాదు అందామంటే తన చేత్తో తను తేల్చుకున్నదాన్ని అబద్ధమనాలి. అవును అంటే పని పోతుంది. ఫోన్ పట్టుకుని కంచె దాటాడు.

మాష్టారు విని కుర్చీలోంచి లేచిపోయారు. "అచ్చం ఇలాగే జరిగిందయ్యా! వాలెస్ అని, అతనూ ఎక్కడో లంకల్లోనే ఉన్నాడు, అతనికీ జొరమే, ఆ జొరంలో ఇదే ఆలోచన! ఉత్తరం రాసి చూసిపెట్టమని డార్విన్‌కే పంపేడు!"

"మరి డార్విన్‌గారు ఏం చేసేరండి?"

"స్నేహితులు పూనుకుని ఇద్దరి మాటా ఒకే సభలో చదివించేరు. మనమూ అంతే. పదకొండేళ్ళనాడే నువ్వు నాకు చెప్పేవని నేను సాక్ష్యం."

"సాక్ష్యం కాదండి మాష్టారూ, నాకు పని కావాలండి," అన్నాడు బుల్లబ్బాయి. కానీ అబద్ధం చెప్పలేక సాలమోనుకి అవుననే కబురు పెట్టాడు.

శుక్రవారం రైతు సేవా కేంద్రంలో పద్నాలుగు మంది రైతులు కూర్చున్నారు. సాలమోను మఫ్లరు చుట్టుకుని వచ్చాడు. మాష్టారు ముందు బుల్లబ్బాయి కనిపెట్టింది వివరించి, తర్వాత సాలమోను మెసేజ్ ఫోన్లో వినిపించి, మధ్యలో ఇంగ్లండు దాకా వెళ్ళొచ్చారు. ముగిశాక ఒకాయన లేచి యూరియా ఎప్పుడొస్తుందని అడిగాడు.

"ఆనాడు లండన్లోనూ ఇంతే. ఆ ఏడాది చెప్పుకోదగ్గదేమీ జరగలేదన్నారు ఆ సభ పెద్ద," అని మాష్టారు కూలబడ్డారు.

విన్నది ప్రకాష్ గారొక్కరే.

"అంటే ఏమయ్యా బుల్లబ్బాయ్, ముప్ఫై ఎనిమిదేళ్ళు మా చేలో పంటే తిండి పెట్టి, మా ఎలుకలకి నువ్వు చదువు చెప్పించేవన్నమాట!"

"ఆయ్, తెలీక చేసేనండి."

"తెలిసేక పదకొండేళ్ళు దాచేవు! ఇంక బుట్టలొద్దు, మందే."

అప్పుడు సాలమోను చెయ్యెత్తాడు. "ఒక్క మాటండి. మాకు నూరు బుట్టలకి నాలుగు తోకలొస్తన్నాయండి. అన్నయ్యగారికింకా ముప్ఫై ఎనిమిది తోకలండి. పట్టే ఏళ్ళు ఇద్దరివీ ఒకటేనండి. మరి ఇక్కడి ఎలుకలు వెనకబడిపోయేయేంటండీ?"

అందరూ బుల్లబ్బాయి వైపు చూశారు. ఆయన తువ్వాలు భుజం మార్చుకున్నాడు.

"ప్రతి విడతా మొదటిరోజు పడ్డవి నేను చంపనండి. ఆ రోజు ఉరి బిగిసిపోకుండా తాడుకి ముడేసి పెడతానండి, చిక్కుతాయి గానీ చావవు. వినాయకుడి వాహనం కదండీ. పసుపు చల్లి, దణ్ణం పెట్టి వదిలేస్తానండి. మా నాన్న నాటి నుంచీ అంతేనండి."

"మాకా ఆనవాయితీ లేదండి. మేం మొదటిరోజూ వదలం," అన్నాడు సాలమోను.

మాష్టారు మళ్ళీ లేచారు. "అర్థమైందా! మొదటిరోజు పడేవి అన్నిటికన్నా వెర్రివి! మీరు మంచి కంకులు విత్తనానికి దాచుకున్నట్టు, ఈయన వెర్రి ఎలుకల్ని విత్తనానికి దాచేడు! లంకలో ఆ విత్తనం అయిపోయింది!"

ఈసారి యూరియా ఆయన కూడా ముందుకి వంగాడు.

"బానే ఉంది," అన్నారు ప్రకాష్ గారు. "ఇన్నేళ్ళూ అవి ఎక్కడ వదిలేవు?"

బుల్లబ్బాయి నేల చూశాడు.

"తమరి మెరక చేలోనండి. అక్కడైతే తూర్పు ముఖంగా దణ్ణం కుదురుతుందండి."

తర్వాత పావుగంటసేపు ఎవరు ఎవర్ని ఏమన్నారో రాయడం కష్టం. పదముగ్గురు నవ్వారు, ఒకాయన నవ్వలేదు. కానీ ప్రకాష్ గారు వ్యవసాయం తెలిసిన మనిషి. కోపం ఒక పక్కన పెట్టి తేల్చారు. మందు పెట్టినా మందు తినని ఎలుకలే మిగులుతాయి, మళ్ళీ అదే కథ. వదలడం మానేస్తే లంక గతే. కాబట్టి పని బుల్లబ్బాయిదే, మొదటిరోజు ఎలుకల్ని వదలడం కూడా ఉంటుంది, అయితే ఎవరి చేలోనూ కాకుండా మురుక్కాలవ గట్టు మీద. సాలమోను తన లంకకి ఒక డ్రమ్ము వెర్రి ఎలుకలు అడిగాడు. అక్కడి రైతుల్ని ఒప్పించి రమ్మన్నారు. అతను మఫ్లరు సర్దుకుని ఆలోచనలో పడ్డాడు.

కొత్త విడత మొదటిరోజు, సోమవారం పొద్దున్న బుల్లబ్బాయి మురుక్కాలవ గట్టు మీద బుట్టలు దించేసరికి ప్రకాష్ గారు స్వయంగా వచ్చి నిలబడి ఉన్నారు. ఎలుకలు ఇరవై ఆరు. బుల్లబ్బాయి పసుపు చల్లాడు. వాహనం కదా అని ప్రకాష్ గారు కూడా చెప్పులు విప్పి, ఇష్టం లేకుండానే చేతులు జోడించారు. మూతలు తీశారు. ఇరవై ఐదు ఎలుకలు తుప్పల్లోకి దూకాయి. ఒకటి మాత్రం గట్టు మధ్యన కూర్చుని, అటూ ఇటూ చూసి, ప్రకాష్ గారి కాళ్ళ సందులోంచి నేరుగా ఆయన చేలోకి దిగింది.

ప్రకాష్ గారు అది దిగిన వైపు వేలు చూపించారు.

"వెర్రిదే కదా?"

"ఆయ్. మొట్టమొదటి బుట్టలో పడ్డదేనండి."

"అయితే పోనీలే," అని ఆయన చెప్పులు వేసుకున్నారు.