అమ్మ పట్టుకున్న మసక

నేను నెల్లూరులో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను. మూత్రపిండాల పాఠం నాకు కొట్టినపిండి. కళ్లు మూసుకుని బోర్డు మీద నెఫ్రాన్ బొమ్మ గీసేస్తాను. ఈ గొప్పలన్నీ ముందే ఎందుకు చెప్పుకుంటున్నానంటే, మా నాయన ప్రాణం మీదికి వచ్చిన రోజు వీటిలో ఒక్కటీ పనికి రాలేదు.

మాది మైపాడు. నాయన సముద్రం మీద వేటకు పోయేవాడు, అమ్మ ఆ చేపలు గంపకెత్తుకుని అమ్మేది. షుగరు జబ్బు నాయన కిడ్నీలను మెల్లగా తినేసింది. రెండూ ఇక పనిచేయవని తేలిన రోజు అమ్మ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "అసలు అయ్యి చేసే పనేందో చెప్పు మే" అంది.

చెప్పాను. ఒక్కో కిడ్నీలో లక్షలకొద్దీ సన్నటి జల్లెళ్లు ఉంటాయి. నెత్తురు అక్కడికి రాగానే రక్తకణాలు, ప్రోటీన్లు నెత్తుట్లోనే ఆగిపోతాయి. నీళ్లు, ఉప్పు, చక్కెర, మలినాలు అన్నీ కలిసి అవతలికి దిగిపోతాయి. ఆ తర్వాత సన్నటి గొట్టాలు ఒంటికి కావలసినవాటిని తిరిగి నెత్తుట్లోకి లాక్కుంటాయి. నీళ్లయితే దాదాపు అన్నీ వెనక్కే వెళ్తాయి. చివరికి మిగిలిన కాసిన్నే మూత్రం.

"అంతా పారబోసి మళ్లా ఏరుకునేదెందుకు? చెత్త ఒక్కటే పారేస్తే పోలా?" అన్నాడు నాయన మంచం మీది నుంచి.

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "చెత్త ఏరతా కూచుంటే మనకు తెలిసిందే ఏరతాం. తెలియంది గంపలోనే ఉండిపోద్ది. అంతా ఇసక మీద కుమ్మరించి మంచి చేపే తీసుకుంటే, పేరు తెలియని చెత్త కూడా ఆడే ఉండిపోద్ది గదా."

నేను చదివిన ఏ పుస్తకమూ నాకు ఇంత తేటగా చెప్పలేదు. ఇప్పుడు క్లాసులో ఆ మాటే చెబుతాను. మా అమ్మ చెప్పిందని కూడా చెబుతాను.

వారానికి మూడుసార్లు నెల్లూరుకు పోయి డయాలసిస్ మిషను పక్కన పడుకోవడం నాయనకు ఇష్టం లేదు. ఇంట్లోనే చేసుకునే పద్ధతి ఒకటి ఉందన్నాడు డాక్టరు. అందులో పొట్టలోపలి పొరే జల్లెడ. పొట్టకు అమర్చిన గొట్టంలోంచి సంచిలోని మందునీళ్లు లోపలికి ఎక్కించాలి. కొన్ని గంటలు ఉంచి, నెత్తుటిలోని మలినాలు వాటిలోకి దిగాక ఇంకో సంచిలోకి దించేయాలి. రోజుకు నాలుగుసార్లు. సూక్ష్మజీవులు లోపలికి చేరితే పొర పాడవుతుంది, మనిషే దక్కకపోవచ్చు. అది నేర్పే నర్సు, చేపల పనితో మొరటుబారిన అమ్మ చేతులకేసి చూసి, "కూతురు చేస్తే మేలేమో" అంది. నాకు ఒళ్లు మండింది. అమ్మ మాత్రం మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, మొదటిసారే తప్పు లేకుండా చేసి చూపించింది.

ఇంట్లో ఒక గది దానికే కేటాయించింది. తలుపు వేసి, ఫ్యాను ఆపి, మాస్కు పెట్టుకుని మరీ పనికి దిగేది. ఎన్ని నీళ్లు బయటికొచ్చాయో తెలియడానికి, దించిన సంచిని చేపల కాటాకు తగిలించి తూచేది. ఆ వేళలో గడప తొక్కితే మా మేనమామనైనా తరిమికొట్టేది.

దించిన సంచి కింద పేపరు పెట్టి చూడమన్నారు. అక్షరాలు కనబడితే నీళ్లు తేటగా ఉన్నట్టు. ఒక ఆదివారం మధ్యాహ్నం నేనే చూశాను. చిన్న అక్షరాలు కూడా గడగడా చదివేసి బాగానే ఉందన్నాను. అమ్మ సంచిని కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. "లేదు మే, మసకేసింది" అంది.

నాయనకు నొప్పి లేదు, జ్వరం లేదు. "ఎమ్మెస్సీ చదివిన బిడ్డ బాగుండాదంటే నీకేందే?" అని విసుక్కున్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అమ్మ ఇద్దరి మాటా వినలేదు. ఆటో పిలిచి నాయనను ఎక్కించి, సంచిని శుభ్రమైన తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

పరీక్ష చేస్తే ఇన్ఫెక్షన్ అప్పుడే మొదలవుతోందని తేలింది. వెంటనే మందు ఎక్కించారు. మూడో రోజుకు నీళ్లు తేటపడ్డాయి. డాక్టరు వచ్చి, "ఇంకొక్క రోజు ఆగి ఉంటే కష్టమయ్యేది. ఎవరు కనిపెట్టారు?" అంటూ నాకేసి చూశాడు.

"నేను బాగుందన్నాను సార్. మా అమ్మ వినలేదు" అన్నాను.

"ఎట్లా తెలిసిందమ్మా?"

అమ్మ కొంగు సర్దుకుంది. "చేప కన్ను చూస్తాం గదా సార్. పొర కమ్మకముందే మెరుపు తగ్గుద్ది. అది తెలియకపోతే మా చేప ఎవురు కొంటారు?"

డాక్టరు నవ్వలేదు. వార్డులో ఉన్న నర్సులను పిలిచి, అప్పుడే దించిన సంచిని అమ్మ చేతికి ఇచ్చాడు. అమ్మ దాన్ని కిటికీ దగ్గర పట్టుకుని, ఎంత వంచాలో, ఎక్కడ చూడాలో వాళ్లకు చెప్పసాగింది. నేనూ వెళ్లి గర్వంగా వాళ్ల వెనక నిలబడ్డాను.

పెళ్లయినప్పటి నుంచి అమ్మ గురించి ఒక్క మంచి మాట పైకి అనని మా నాయన, పక్క మంచంలో నిద్రపోతున్న మనిషిని తట్టి లేపాడు. "అదిగో, ఆడ చెప్తా ఉండేది మా ఇంటిది" అన్నాడు.