మామయ్య చేతి చక్కెర లేని కాఫీ

ముందే చెప్పేస్తున్నాను, ఉన్నదున్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు. మా ఎల్బీనగర్ ఫ్లాట్‌లో బొద్దింక కనిపిస్తే, నేను మెట్రోలో మూసారాంబాగ్ చేరేలోపు అది ఉడుమైపోతుంది. కాబట్టి ఇందులో ఏ కొలత కనిపించినా సగానికి తగ్గించుకుని చదవండి. ఒక్కచోట మాత్రం పూర్తిగా కల్పించాను. అదేదో చివర ఒప్పుకుంటాను.

మా మామయ్యది పోచంపల్లి పక్కన నేతవాళ్ల ఊరు. ముప్పయ్యేళ్లు నూలుకు ముడులు వేసి రంగుల్లో ముంచిన మనిషి. ఇప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. రోజూ పొద్దున్నే దుకాణం తెరవడానికి పోతూ, కూతుర్ని, అంటే మా ఆవిడను, చూసే నెపంతో మా ఇంట్లో ఆగి చాయ్ తాగుతాడు. చాయ్ అనడం మర్యాద కోసమే. నిజానికి అది గోధుమరంగు పాకం. అందులో చెంచా నిలబెట్టి జెండా ఎగరేయొచ్చు. దుకాణంలో కూర్చున్నాక అలాంటివే ఇంకో అయిదారు.

డాక్టరు మందలించాడు. వచ్చే నెల పరీక్షలో షుగర్ దిగకపోతే రోజూ ఇంజెక్షనే అన్నాడు. జీవితమంతా దారంతో బతికిన మనిషికి సూదంటే అంత భయమెందుకో తెలియదు, ఆ మాట విన్న రోజు మామయ్య అన్నం కూడా సరిగా తినలేదు. అయినా మా ఆవిడ చక్కెర లేని చాయ్ ఇస్తే, ఒక్క గుక్క తాగి, బాల్కనీలో మల్లెమొక్కకు పోశాడు.

"చక్కెర లేకుండా తాగదగ్గది కాఫీ ఒక్కటే" అని నేను ప్రకటించాను. ఏనాడో దసరాకు ఆఫీసులో ఇచ్చిన ఫ్రెంచ్ ప్రెస్ అటక మీద ఉంది. పొడవాటి గాజు గ్లాసు, దానిలోకి దిగే కడ్డీ, కడ్డీకి అడుగున జల్లెడ. బాలాపూర్ వినాయకుడి లడ్డూను వేలంలో పాడుకున్నవాడిలా దాన్ని నెత్తిన పెట్టుకుని నిచ్చెన దిగాను.

కాఫీ గింజలు కొనుక్కొచ్చి, మా వీధి చివర పిండి గిర్నీకి తీసుకెళ్లాను. తప్పు అక్కడే జరిగింది.

"ఎట్ల పట్టాలె సార్?" అన్నాడు గిర్నీ అతను.

"మెత్తగా" అన్నాను. గిర్నీ ముందు నిలబడ్డాక మన నోట ఇంకో మాట రాదు. జొన్నలైనా అంతే, పసుపుకొమ్ములైనా అంతే. పైగా నాకు ముందు ఎవరివో పది కిలోల మిరపకాయలు పట్టాడు. అది నేను పట్టించుకోలేదు.

మర్నాడు మామయ్య వచ్చి సోఫాలో కూర్చున్నాడు. తెల్లచొక్కా, ఇస్త్రీ మడత కూడా నలగలేదు. నేను బల్ల మీద ప్రెస్ పెట్టి, పొడి వేసి, సలసల కాగే నీళ్లు ధారగా పోశాను.

"గీ సైకిల్ పంపు ఏందల్లుడా?"

"కాఫీ యంత్రం మామయ్యా. చూస్తూ ఉండండి."

కడ్డీ నొక్కితే దిగలేదు. పొడి మైదాపిండిలా జల్లెడకు అతుక్కుపోయింది. రెండు చేతులతో నొక్కాను. స్టూలెక్కి నా డెబ్బై ఎనిమిది కిలోలూ దాని మీద మోపాను. అప్పుడది ఒక్కసారిగా దిగింది, కాఫీ పైకి లేచింది. సీలింగు, క్యాలెండరు, ఫ్యాను రెక్కలు, చివరకు మామయ్య చొక్కా, అన్నీ తడిశాయి.

మామయ్య చొక్కా లాగి చూసుకున్నాడు. "డిజైన్ మంచిగనే ఒచ్చింది అల్లుడా. ఎగుడు దిగుడు లేకుంట పడ్డయి చుక్కలు."

గ్లాసులో మిగిలింది నోట్లో పోసుకుని పావుగంట దగ్గాడు. "ఇది కాఫీనా, మిరియాల చారా?" అని లేచి, కిందికి దిగి, వీధిలో చాయ్ బండి దగ్గర కోపంగా రెండు చాయ్‌లు తాగి దుకాణానికి పోయాడు.

"సూది తప్పియ్యుండ్రి అంటే నోట్ల కారం కొడ్తిరి" అంది మా ఆవిడ. నవ్వుతూ అనలేదు. పరీక్షకు మూడు వారాలే ఉన్నాయి.

ఆదివారం ఆమె కొత్త గింజలను చిన్న రోట్లో వేసి ఉప్మా రవ్వలా దంచింది. మామయ్య వేరే చొక్కాలో, గోడ పక్కకు జరిగి కూర్చున్నాడు. నేను పొయ్యి మీద నుంచి నీళ్లు తెచ్చి పోయబోతుంటే మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు. గట్ల సలసల కాగే నీళ్లు పోస్తే రంగు మాడుతది."

"ఇది రంగు కాదు మామయ్యా."

"ఏదైతేంది? ముందుగాల జర్ర నీళ్లు పోసి తడుపు. నూలు తడ్వకుంట రంగుల ఏస్తమా? తడిసినంక మిగిలిన నీళ్లు పొయ్యి."

గిన్నె నా చేతిలోంచి తీసేసుకున్నాడు. ఉడుకు అణిగేదాకా ఆగాడు. కొంచెం పోశాడు. పొడి ఉబ్బి, బుడగలు వచ్చి, ఇల్లంతా వాసన కమ్మింది. ఆ వాసనకు వనస్థలిపురం నుంచి కూడా మనుషులు లేచి వచ్చారని నా నమ్మకం. మిగతా నీళ్లు పోసి మూత పెట్టాడు.

"ఎంతసేపు ఉంచాలి నాయినా?" అంది మా ఆవిడ.

"ఒక వరుస ముడులు కట్టినంత సేపు." చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. దారం లేదు, కానీ బొటనవేలూ చూపుడువేలూ ముడి మీద ముడి వేస్తూనే ఉన్నాయి. వేళ్లు ఆగినప్పుడు ఫోను చూశాను. నాలుగు నిమిషాలు.

"ఇగ నువ్వు నొక్కు. మెల్లగ. తొందరేం లేదు, దానంతట అదే దిగుతది."

దిగింది. మూడు కప్పుల్లో పోశాను. మా ఆవిడ చక్కెర డబ్బా తన వైపు లాక్కోబోయి ఆగిపోయింది. మామయ్య ఒక గుక్క తాగాడు. నా వైపు చూసి, "బాగుంది అల్లుడా" అన్నాడు.

ఇక ఒప్పుకుంటాను. స్టూలెక్కిన మాట నిజం. సీలింగు మీద మరక కావాలంటే వచ్చి చూడొచ్చు. వేళ్లు ఆగేసరికి నాలుగు నిమిషాలైన మాట కూడా నిజమే. కల్పించింది ఆ చివరి మాట. మామయ్య బాగుంది అనలేదు. మొహం వేపాకు నమిలినట్టు పెట్టాడు. కూతురి వైపు ఒకసారి చూశాడు. కప్పు ఖాళీ అయ్యేదాకా దించలేదు. తర్వాత చక్కెర డబ్బా మూత గట్టిగా బిగించి, దాన్ని నా వైపు జరిపి, చెప్పులేసుకుంటూ అన్నాడు:

"రేపు జర జల్ది నీళ్లు పెట్టు. దుకానం తెరిశేదుంటది. నేనొచ్చేదాంక పొడి మీద పొయ్యకు, నీకు రాదు."

దుకాణంలో చాయ్‌లు ఇప్పుడు ఒకటికి దిగాయి. పరీక్ష అయింది. ఇంజెక్షన్లు ఇంకా మొదలవలేదు.