తూర్పు గట్టు కొలిచిన రోజు

ఆ రోజు మా చీనీతోటలో టేపు రెండో కొస ఎవరు పట్టుకున్నారో నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా ‘ఊరాయన ఒకరు’ అని మాత్రమే రాసుకున్నాను.

అప్పుడు నేను ప్రొద్దుటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. అమ్మా నాయనా పులివెందులలో బాడుగ ఇంట్లో ఉండేవాళ్లు. జమ్మలమడుగు అవతల ఉన్న మా ఊళ్లో రెండు పార్టీల మధ్య బాంబులు పడ్డాక నాయన ఊరు విడిచాడు. తోట మాత్రం అక్కడే ఉండిపోయింది. మా చిన్నవ్వ ఒక్కతే దాన్ని కనిపెట్టుకుని ఉండేది. బోరు ఎండుతోంది, బత్తాయి చెట్లు పసుపెక్కుతున్నాయి. అలాంటప్పుడు సేద్యపు కుంట తవ్వుకోవడానికి ప్రభుత్వ సాయం మంజూరయింది. వాన నీళ్లు కుంటలో నిలిస్తే బోరుకు ఊట అందుతుంది. కుంట లేకపోతే ఆ ఎండాకాలానికి చెట్లు దక్కవు. ఆఫీసరు వచ్చి కొలిచే రోజు యజమాని పొలంలో నిలబడాలి. తోట నా పేరున ఉంది. ఆరోజు కొలవకపోతే ఆ కుంట ఇంకో ఊరికి పోతుంది.

ఆడపిల్లను ఎవరూ ఏమీ చెయ్యరు అంది అమ్మ ఫోనులో. నాయన ఫోను తీసుకోలేదు.

ప్రొద్దుటూరు బస్టాండులో ఏడు గంటల బస్సు ఎక్కాను. జమ్మలమడుగుకు బస్సులు చాలానే ఉంటాయి, పొద్దున్నే అయితే కిటికీ పక్కన సీటు దొరుకుతుంది. నా పక్కన గాజుల బుట్టతో ఒకామె కూర్చుంది. యా ఊరని అడిగింది. ఆ రోజుల్లో ఊరు చెబితే పార్టీ చెప్పినట్టే. ప్రొద్దుటూరే అన్నాను. గండికోట చూడ్డానికా అంటే తల ఊపాను. ఆమె నా ఒడిలోని సంచి వైపు చూసి నవ్వింది.

“కోట చూసేటోళ్లు సంచిని ఇట్ల కరుచుకోని కూసోరు పాపా. భయం లేదులే, నేను అందరి చేతులకూ గాజులు తొడిగేదాన్నే.”

జమ్మలమడుగులో దిగి ఎర్రకారం దోశ తీసుకున్నాను. నిలబడే తినేశాను. మా ఊరి దోవకు షేర్ ఆటోలు బస్టాండు బయటే దొరుకుతాయి. నాపరాళ్ల గుట్టలు దాటి, నల్లరేగడి చేలు మొదలయ్యేసరికి ఆటోలో నేనొక్కదాన్నే మిగిలాను. డ్రైవరు ఊళ్లోకి రానని మలుపులోనే దింపేశాడు.

తోటలో ఆఫీసరు అప్పటికే వచ్చి ఉన్నాడు. కోస్తా మనిషి, చెమటలు తుడుచుకుంటూ గట్టు మీద నిలబడ్డాడు. కుంట తూర్పు గట్టుకు ఆనుకుని వస్తుంది కాబట్టి ఆ పక్క రైతు కూడా ఉండాలన్నాడు.

“ఆయన లేకుండా నేను టేపు తియ్యనండి. రేపు గొడవైతే నా మీదికొస్తుంది.”

తూర్పు పక్క పొలం ఓబులేసుది. నాయనకు ఎదురు పార్టీ. తలారితో కబురు పంపితే ఆయన రాలేదట. చిన్నవ్వకు ఆఫీసరు మీద కోపం వచ్చింది.

“గట్టు కొలిసేదానికి తలారితో పిలిపిస్తారా యాడన్నా? పెండ్లికి పిలిసినట్ల మనింటి మనిసే పోవల్ల.”

మా వైపు అది నిజం. గట్టు కొలతకు ఇంటి మనిషి గడప దగ్గరికి వెళ్లి పిలవకపోతే, కొలిచిన గట్టు కూడా కొలిచినట్టు కాదు. చిన్నవ్వ లేవబోయింది గాని, తోట నాది కాబట్టి నేనే బయలుదేరాను.

ఊరి మధ్య వీధి ఎన్నడూ అంత పొడుగ్గా అనిపించలేదు. ఓబులేసు ఇంటి ముందు పందిరి కింద కూర్చున్న మనుషులు నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఒకాయన, దారి తప్పినావా, మీ నాయన కొత్త ఊరు పులివెందుల గదా అన్నాడు. ఇద్దరు నవ్వారు. ఓబులేసు నవ్వలేదు. చిన్నప్పుడు నేను ఆయనను ఏమని పిలిచేదాన్నో అదే నోటికొచ్చింది.

“మామా, తూర్పు గట్టు కొలుస్తాండారు. రావల్ల.”

 ఆయన చెప్పులు తొడుక్కున్నాడు. వెంట రాబోయిన వాళ్లను చేత్తో ఆపాడు. తోట దాకా ఆయన ముందు, నేను వెనక.

ఆఫీసరు టేపు కొస అందిస్తే ఎడమచేత్తో పట్టుకున్నాడు. కుడిచెయ్యి మొదటినుంచీ తువ్వాలలోనే ఉంది. ఆ గొడవల్లో ఆ చేతి వేళ్లు పోయాయని ఊరందరికీ తెలుసు. ఆ బాంబులు పడిన పొద్దు నాయన ఎక్కడున్నాడని మా ఇంట్లో ఎవరూ అడగలేదు. నేను పడమటి కొస పట్టుకున్నాను. టేపు నడుమ జారి నేలకు తగిలింది. ఆయన తన వైపు కాస్త లాగి బిగించాడు. టేపు సమంగా నిలిచింది.

ఆఫీసరు జీపెక్కాక ఓబులేసు నా దగ్గరికి వచ్చాడు.

“నీ కుంటలో నీళ్లు నిలిస్తే నా బోరుకూ ఊరతాయి. అందుకొచ్చినా. మీ నాయనకు చెప్పాకు.”

తిరుగు ప్రయాణం పులివెందులకు. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు వచ్చి అక్కడ బస్సు మారాలి. సాయంత్రం పూట నిలబడడానికి కూడా చోటుండదు, వెళ్లేవాళ్లు ముందే చూసుకోవాలి. దారి పొడుగునా తోటలే. ఏ తోట ఏ పార్టీదో కిటికీలోంచి చూస్తే తెలియదు. ఎండ అన్ని చెట్ల మీదా ఒకే తీరుగా ఉంది.

పులివెందుల బస్టాండులో నాయన టీ అంగడి వెనక నిలబడి ఉన్నాడు. నా చేతిలో సంచి తీసుకుని, కొలిచినారా అన్నాడు. కొలిచినారు అన్నాను. కొంత దూరం నడిచాక, తూర్పు పక్క ఎవరు నిలబడినారని అడిగాడు.

“ఊరాయన ఒకరు.”

 మా వీధి మలుపు దాకా వచ్చాం. అక్కడ సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుని, నా వైపు చూడకుండా అన్నాడు:

“చెయ్యి మానిందా?”