కోతల పండగలో నేను పాడుకున్న కోడి

అమ్మ పోయిన ఏడాదికి ఆమె పుట్టిన ఊరికి బయలుదేరాను. పర్చూరు దాటాక నల్లరేగడి పొలాల మధ్య ఉంటుంది ఆ చిన్న ఊరు. అమ్మ పెళ్ళి చేసుకుని మలేషియా వచ్చేసింది. నేను అక్కడే పుట్టి, అక్కడే తెలుగు పంతులమ్మనయ్యాను. అమ్మకి ఒక్కతే అక్క, మరియమ్మ పెద్దమ్మ. అక్కాచెల్లెళ్ళు ఇన్నేళ్ళలో కలుసుకున్నది చాలా తక్కువ, మిగతాదంతా ఫోనే. అమ్మ లేకపోయాక ఆ ఫోన్లూ పలచబడ్డాయి. ఉన్నమాట చెప్పాలంటే నేను బంధుత్వం పెంచుకోవడానికి వెళ్ళలేదు. పెద్దమ్మకి ఒకసారి కనబడి, అమ్మ చీర ఆమె చేతిలో పెట్టి వచ్చేస్తే ఒక పని అయిపోతుంది అనుకున్నాను.

కౌలాలంపూర్ నుంచి చెన్నైకి నాలుగు గంటల విమానం. రాత్రికి సెంట్రల్ స్టేషన్ దగ్గర బస చేసి, పొద్దున్నే విజయవాడ వైపు రైలెక్కితే మధ్యాహ్నానికి చీరాలలో దిగుతారు. అక్కడి నుంచి పర్చూరుకు బస్సులున్నాయి గానీ, పెట్టె బరువు చూసుకుని నేను ఆటో మాట్లాడుకున్నాను. ఎనిమిది వందలు అడిగి ఆరు వందలకు ఒప్పుకున్నాడు. నేను ఎక్కడి నుంచి వస్తున్నానో తెలిశాక వెనక్కి తిరిగి తిరిగి చూడడం మొదలుపెట్టాడు. ముందు రోడ్డు చూడమని నేనే చెప్పాల్సి వచ్చింది.

"మలేషియా నుంచా? మరి తెలుగు మాలాగే మాట్లాడతన్నారే!"

"అక్కడ తెలుగు పంతులమ్మనండి."

"అయితే మావాణ్ణి మీ దగ్గరికి పంపాలండి. ఇంగ్లీషు మీడియంలో ఏశాం, తెలుగు చదవటం రావట్లా వాడికి."

పర్చూరు దాటాక దారికి రెండు పక్కలా మిరప కల్లాలే. ఎర్రగా ఆరబోసిన కాయల ఘాటుకి ఆటో ఆగకముందే నాకు తుమ్ములు మొదలయ్యాయి. పెద్దమ్మ ఇంట్లో లేదు, ఊరి చివర కల్లంలో కూర్చుని తాలుకాయలు ఏరుతోంది. తాలుకాయలంటే రంగు పోయి తెల్లబడ్డ మిరపకాయలు, వాటిని వేరు చేయకపోతే మంచి సరుక్కి ధర రాదు. నన్ను చూసి కావలించుకుని ఏడుస్తుందని, ఏమని ఓదార్చాలో దారి పొడుగునా ఆలోచించుకుంటూ వచ్చాను. ఆమె లేవనైనా లేవలేదు. "వచ్చావా? కాళ్ళు కడుక్కునిరా, ఇట్టా కూచుందువుగాని. మొగులు పట్టేట్టుంది, వానొచ్చేలోగా ఈ కుప్ప అయిపోవాలి" అంది. కూర్చున్నాను. కాసేపటికే మరిచిపోయి కన్ను నలుపుకున్నాను. ఆ తర్వాత నేను ఏడవడం, పెద్దమ్మ "నలపమాకే, నలపమాక!" అని అరుస్తూ నీళ్ళు కొట్టడం, చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పడీపడీ నవ్వడం. మా తొలి కలయికలో కన్నీళ్ళు నావే, అవీ మిరపకాయ పుణ్యమే.

సాయంత్రం వేడివేడి అన్నంలో కొరివికారం, నెయ్యి కలిపి పెట్టింది. పెరట్లో ఒక ఎర్రటి పెట్టను గంప కింద విడిగా మూసి ఉంచారు. రేపటి కూర కాబోలు అనుకుని, నా కోసం శ్రమపడొద్దని చెప్పాను. పెద్దమ్మ కొడుకు దేవదానం అన్నయ్య నవ్వి, "అది కూర కాదమ్మా, మీ అమ్మ కోడి" అన్నాడు. ఆ ఊరి చర్చిలో పంటలు చేతికొచ్చే రోజుల్లో కోతల పండగ చేస్తారు. ఎవరికి కలిగింది వాళ్ళు కానుకగా తెస్తే, ప్రార్థన అయ్యాక వాటిని వేలంపాట పెడతారు. పెళ్ళై వెళ్ళిపోయే ముందు అమ్మ తన పెట్టను కానుకిచ్చిందట. చెల్లెలి కోడి ఎవరి చట్టిలోనో ఉడకడం చూడలేక పెద్దమ్మ దాన్ని తనే పాడుకుని ఇంటికి తెచ్చుకుంది. మరుసటేడు దాని పిల్లల్లో ఒక పెట్టను అమ్మ పేరు చెప్పి ఇచ్చి, మళ్ళీ తనే పాడుకుంది. అప్పటి నుంచీ ఏటా ఇదే తంతు. ఈ సంగతి అమ్మకి తెలుసో లేదో, నాతో ఎప్పుడూ అనలేదు.

మర్నాడే పండగ ఆదివారం. పెద్దమ్మ నేను తెచ్చిన అమ్మ చీర కట్టుకుని, కోడిని చంకన పెట్టుకుని నడిచింది. పదింటికి మొదలైన ఆరాధన ఒంటిగంట దాకా సాగింది. చర్చి ఆవరణలో షామియానా కింద వేలంపాట మొదలైంది. గుమ్మడికాయలు, పత్తి బుట్ట, టిక్కీ అని పిలిచే మిరపకాయల బస్తా అయ్యాక సంఘ పెద్ద కోడిని పైకెత్తి, "మార్తమ్మ పేర పెట్ట! వంద!" అన్నాడు. అమ్మ పేరు మైకులో వినగానే నేను ముందుకు జరిగి కూర్చున్నాను. సుందర్రావు అనే పక్కింటాయన నూటయాభై అన్నాడు. అందరూ పెద్దమ్మ వైపు చూశారు. ఆమె చీర అంచు చూసుకుంటూ కూర్చుంది. "పాడవేం పెద్దమ్మా?" అని గిల్లాను. "నూటయాభై ఒకటోసారి... రెండోసారి..." చేతిలో డబ్బు లేక ఊరుకుందేమో అనుకుని, నేనే "ఐదొందలు!" అని అరిచాను.

"ఏం మరియక్కా, పై దేశం నుంచి మనిషిని దించావే!" అని సుందర్రావు చేతులెత్తేశాడు. జనం ఘొల్లుమన్నారు. సంఘ పెద్ద మాత్రం నవ్వలేదు. "అమ్మా, వచ్చే ఏడు వస్తావా మరి?" అని అడిగాడు. బంధువుల ఊళ్ళో ఎవరైనా అలా అడిగితే ఏమంటామో నేనూ అదే అన్నాను. "తప్పకుండా వస్తానండి." అందరూ చప్పట్లు కొట్టారు. కోడిని తెచ్చి నా ఒళ్ళో పెట్టారు.

దారిలో పెద్దమ్మ నోరు విప్పింది. "ఎందుకు పాడావే? ఈ ఏటితో సరి అనుకున్నా. ఇచ్చిన మనిషే పోయింది, ఇంకెవరి పేర తేను? సుందర్రావు కోసుకుంటే కోసుకుంటాడులే అని గుండె రాయి చేసుకుని కూచున్నా." అప్పుడు తెలిసింది ఆ ఊరి కట్టుబాటు. ఈ ఏడు ఏది పాడుకుంటే వచ్చే ఏడు అలాంటిదే కానుక తేవాలి. పాడుకున్నవాళ్ళే రావాలి, ఇంకొకరి చేత పంపితే తీసుకోరు. పెద్దమ్మ ఇన్నేళ్ళూ కోడిని పాడుకుంటూ వచ్చింది మరుసటేడు అమ్మ పేరు మళ్ళీ పిలిపించడానికేనన్నమాట. నేను కంగారుపడి, డబ్బు పంపిస్తానని, నా బదులు తననే సంఘ పెద్దతో మాట్లాడమని అన్నాను.

పెద్దమ్మ ఆగింది. "డబ్బు పెడితే కోడి వస్తదే. నువ్వు రావుగా" అంది.

అప్పుడు ఏడ్చాను, ఈసారి మిరపకాయ ప్రమేయం లేకుండా. ఆ కోడి వంకతో మా అమ్మను ఏటా ఊళ్ళోకి పిలుచుకుంటూ వచ్చిన మనిషిని, నేను ఒక్కరోజులో తెముల్చుకోవలసిన పనిగా లెక్కేసుకుని వచ్చాను. ఇక చాలనుకుంది ఆమె, ఇంతటితో సరి అనుకున్నాను నేను. ఏమీ తెలియక అరిచిన ఒక్క అరుపు ఇద్దరినీ ఆపింది.

ఇలా బంధువుల ఊరికి వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్కటే సలహా. కోతల పండగ ఏ ఆదివారమో ఆ ఊరి చర్చే నిర్ణయిస్తుంది కాబట్టి, ముందు ఫోన్ చేసి కనుక్కున్నాకే విమానం టికెట్ తీసుకోండి. నేను ఈసారికి అలాగే తీసుకున్నాను. పెట్ట పొదిగిందని అన్నయ్య ఫోటో పంపాడు. పిల్లల్లో నేను చర్చికి తీసుకెళ్ళాల్సింది ఏదో పెద్దమ్మ ఇంకా చెప్పడం లేదు, వచ్చి చూసుకోమంటోంది.