రాఘవులు మాస్టారు వేసిన ఓటు

టెక్సస్‌లోని కాపెల్ ఊళ్లో రాఘవులు మాస్టారిని ఎరగని తెలుగు పెద్దవాళ్లు తక్కువ. సత్తెనపల్లి హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. భార్య పోయాక కూతురు పద్మజ గ్రీన్‌కార్డు ఇప్పించి తన దగ్గరికి తెచ్చుకుంది. దేశం మారినా సరే, పాఠం చెప్పకపోతే ఆయనకు అన్నం సయించదు. అందుకని శనివారం పొద్దున గుడి పక్క హాల్లో, సిటిజెన్‌షిప్ పరీక్షకు వెళ్లబోయే తన ఈడు వాళ్లను కూర్చోబెట్టి అమెరికా రాజ్యాంగం చెప్పేవారు.

"ముగ్గురు తోడికోడళ్ల వంటిల్లనుకోండి. కాంగ్రెస్ చట్టం వండుతుంది. ప్రెసిడెంటు ఉప్పు చూసి, నచ్చకపోతే వెనక్కి పంపుతాడు. తినదగ్గదా కాదా అని కోర్టు తేలుస్తుంది. తాళాలగుత్తి మాత్రం ఏ ఒక్కరి కొంగుకీ కట్టలేదు" అనేవారు. మోకాళ్ల నొప్పులు మరిచిపోయి అందరూ నవ్వేవారు.

ఆయన కొంప ముంచింది కూడా ఆ పాఠమే. పౌరులకు మాత్రమే ఉన్న హక్కు ఏదని పరీక్షలో ఒక ప్రశ్న ఉంది. ఫెడరల్ ఎన్నికల్లో ఓటు వేయడం అన్నది జవాబు. మాస్టారి బుర్ర ఊరుకోలేదు. ఫెడరల్ అని విడిగా ఎందుకన్నారు? అంటే ఊరి ఎన్నికల్లో మనబోటి వాళ్లకూ ఓటుందన్నమాటే కదా. ఎక్కడో కొన్ని ఊళ్లలో ఆ మాట నిజమేనట. టెక్సస్‌లో కాదు. ఆ సంగతి ఎవరినన్నా అడిగి ఉంటే బాగుండేది. అడిగితే ఆయన మాస్టారెందుకవుతారు?

డ్రైవింగ్ లైసెన్సులో అడ్రసు మార్చుకోవడానికి వెళ్లినప్పుడు, ఓటరుగా రిజిస్టర్ చేయమంటారా అని అడిగితే సంతోషంగా సరేనన్నారు. సంతకం పెట్టమన్నచోట పెట్టారు. పైన చిన్న అక్షరాల్లో 'నేను అమెరికా పౌరుణ్ణి' అని ఉంది. ప్రశ్న రెండుసార్లు చదవండిరా అని జీవితమంతా పిల్లల చెవులు మెలిపెట్టిన మనిషి, దాన్ని ఒక్కసారీ చదవలేదు. కొన్నాళ్లకు ఓటరు కార్డు ఇంటికే వచ్చింది. గవర్నమెంటే పంపాక ఇంకేం అనుమానం? క్లాసులో వాళ్లనూ అలాగే రిజిస్టర్ చేయించుకోమన్నారు.

ఆ మే నెలలో ఊరి బళ్లను నడిపే స్కూల్ బోర్డుకి ఎన్నికలొచ్చాయి. మనవరాలు హంసిక వయొలిన్ వాయించే ఆర్కెస్ట్రా క్లాసు ఎత్తేస్తారని గొడవగా ఉంది. ఎత్తేయొద్దన్న అభ్యర్థికి మాస్టారు ఓటేసి, పోలింగు వాళ్లిచ్చిన 'ఓటేశాను' స్టిక్కరు చొక్కాకు అంటించుకుని క్లాసుకు వెళ్లి, "లోకల్ ఎన్నికల్లో మనకూ హక్కుంది, వదులుకోకండి" అని పాఠం కూడా చెప్పారు.

తర్వాత ఆయన సిటిజెన్‌షిప్ ఇంటర్వ్యూ వచ్చింది. ఆఫీసరమ్మ అడిగినవాటికి, ప్రశ్న పూర్తికాక ముందే జవాబులు అందించారు. ఆవిడ కూడా నవ్వింది. ఎప్పుడైనా, ఏ ఎన్నికల్లోనైనా ఓటు వేశారా అని అడిగింది.

"వేశాను మేడమ్. స్కూల్ బోర్డుకి" అన్నారు, మార్కులు పడే జవాబు చెప్పినట్టు.

ఆవిడ టైప్ చేయడం ఆపేసింది. మళ్లీ నవ్వలేదు.

పద్మజ ఆయన్ను ఇక్కడే పుట్టిన తెలుగు లాయరు రుత్విక్ దగ్గరికి తీసుకెళ్లింది. "అంకుల్, మీరు ట్రూత్ చెప్పారు, అది గుడ్. కానీ ఓటు ఇల్లీగల్. సిటిజెన్‌షిప్ రాదు. డిపోర్ట్ చేయొచ్చు కూడా. చేయరు అని నేను ప్రామిస్ చేయలేను" అన్నాడతను. ఆ పైన, "ఈ లోకల్ ఎలక్షన్ మాట ఇంక ఎవరికైనా చెప్పారా?" అని అడిగాడు.

మాస్టారికి శనివారం క్లాసు గుర్తొచ్చింది. తనను పంపేస్తారన్న భయం అప్పటిదాకా గుండెల్లో రాయిలా ఉంది. ఇప్పుడు దానిమీద ఇంకో బండ పడింది.

కారులో పద్మజ ఒక్కటే మాటంది. "నన్నొకసారి అడగాల్సింది కదా నాన్నా." ఇంట్లో హంసిక వయొలిన్ పెట్టె తెరవలేదు. "తాతా, నా ఆర్కెస్ట్రా కోసం ఓటు వేశావు కదా. ఇది నా ఫాల్టా?" అని అడిగింది. కాదమ్మా అన్నారు గానీ, ఆ పిల్ల నమ్మలేదు.

ఈ విషయం ఎవరితోనూ మాట్లాడొద్దని లాయరు గట్టిగా చెప్పాడు. చెప్పకుండా ఎలా? శనివారం హాలుకు వెళ్లి, కుర్చీలో కూర్చోకుండా నిలబడే, "మే నెలలో నా మాట విని ఓటు వేసినవాళ్లు ఎవరన్నా ఉన్నారా?" అని అడిగారు.

ముందు వరసలోంచి త్రివేణి చెయ్యెత్తింది. నెల్లూరావిడ, క్లాసులో అందరికన్నా శ్రద్ధగలది. ఇక్కడ కొడుకు తప్ప ఆవిడకు ఎవరూ లేరు.

మాస్టారు జరిగిందంతా చెప్పారు. తాను నేర్పింది తప్పని ఒప్పుకున్నారు. ఇంటర్వ్యూలో నిజం చెబితే ఈవిడ కూడా తనలాగే అయిపోతుంది. అబద్ధమాడితే ప్రమాణం చేసి అబద్ధమాడిన నేరం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. తవ్వింది తానే.

"మీరు వెంటనే లాయర్‌ని చూడండమ్మా" అన్నారు.

"లాయరెందుకు మాస్టారూ, మీరున్నారు కదా" అంది త్రివేణి. "మంగళవారమే నా ఇంటర్వ్యూ. ఓటు సంగతి అడిగితే ఏం చెప్పాలో చెప్పండి, రాసుకుంటాను." అంటూ పెన్ను మూత తీసింది.