ఇసుకతో తోమిన రివాల్వర్

తొంభైల్లో దోహా విమానాశ్రయంలో నా పక్కన కూర్చున్న జగిత్యాల మనిషి గురించి మిత్రులకు ఎన్నోసార్లు చెప్పాను. అతను ఒక అరబ్బు ఇంట్లో పనిచేసేవాడు. ఆ యజమానికి మాగ్నం రివాల్వర్లు సేకరించే పిచ్చి. అన్నీ స్టెయిన్‌లెస్ స్టీలువే, ఒకే రకానివే. తేడా అల్లా ఒకదాని గొట్టం పొట్టి, ఒకదానిది పొడుగు, ఇంకొకదానికి కర్ర పిడి.

“ఒకటి తుడువుమని ఇచ్చిండు సార్. స్టీలే గదా అని, మా ఇంట్ల గిన్నెల లెక్క పీచుతోని ఉసికె వెట్టి తోమిన. ఈడ ఉసికెకేం కరువు? తళతళ మెరుస్తదనుకుంటే అన్నీ గీతలే!”

నేను పడీపడీ నవ్వాను. “గెంటేశాడా మరి?”

“గట్లనే అనుకోని పెట్టె సదురుకున్న. గాయన దాన్ని అద్దాల బీరువల నడిమిట్ల వెట్టిండు. ‘దుకాన్ల కొన్నయి అందరి దగ్గరుంటయ్, గిసొంటిది నా ఒక్కని దగ్గర్నే’ అన్నడు. గిప్పుడు ఛుట్టీ మీద పోతున్న. మల్ల ఆయన దగ్గరికే వస్త.”

ఈ చివరి మాటలు నేను ఎవరికీ చెప్పలేదు. గెంటేశాడంటేనే అందరూ బాగా నవ్వేవారు. ఆ అరబ్బు వదులుకోని మనిషిని ఇన్నేళ్లూ, విందు విందుకీ, పనిలోంచి తీసేస్తూ వచ్చింది నేను.